సగంలో మూసిన పుస్తకం

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

"నీకు నచ్చిన పుస్తకాల గురించి మాట్లాడరా" అని మన కార్యదర్శి ఆజ్ఞ. నచ్చినవాటి గురించి అందరూ చెబుతారు. నచ్చలేదని పక్కన పడేసి, తర్వాత నాలిక కరుచుకున్నవాటి గురించి నేను చెబుతాను.

మొదటిది మన పక్క ఊరివాడిది. దేవరకొండ బాలగంగాధర తిలక్‌ది మండపాక. సైకిలు మీద వెళ్లొచ్చేంత దూరం. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నట్టు, మనవాడేగా అని 'అమృతం కురిసిన రాత్రి' చాలాకాలం ముట్టలేదు. ఆయన 1966లో, 45 ఏళ్లయినా నిండకుండా పోయారు. పుస్తకం ఆ తర్వాత వచ్చింది. 1971లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చారు. నేను చదివింది ఉద్యోగరీత్యా నాగపూరులో, తెలుగు మాట వినపడక మొహం వాచిపోయి ఉన్నప్పుడు. అయినా ఒక మాట చెబుతాను, తిట్టుకోకండి. నాకు ఆయన కవితలకన్నా కథలే ఇష్టం. 'ఊరి చివర ఇల్లు' చదివి అప్పుడు నాతో దెబ్బలాడండి.

రెండోది ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. ఇరవై ఏళ్లప్పుడు, "ఈ దయానిధి ఏ పనీ తిన్నగా చెయ్యడేమిటి?" అని విసుక్కున్నాను. యాభై దాటాక నేను తిన్నగా చేసినవెన్నో లెక్కేసుకున్నాను. అతని మీద కోపం పోయింది.

'వేయిపడగలు' సంగతి అడక్కండి. విశ్వనాథవారు 29 రోజుల్లో చెప్పి రాయించారంటారు. నేను 30 ఏళ్లుగా చదువుతున్నాను.

అసలు చెప్పాల్సింది అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' గురించి. చేపల చెరువులు కమ్మేయకముందు కొల్లేటి పల్లె ఎలా బతికిందో చెప్పే నవల. నలభై పేజీలు చదివి మూసేశాను. "పాత రోజుల బెంగ తప్ప ఏముంది ఇందులో?" అన్నాను. మా ఆవిడ కాఫీ గ్లాసు పెడుతూ, "పుస్తకం బాగోలేదా, అందులో మన చెరువు కనిపించిందా అండీ?" అంది.

మాకు కైకలూరు వైపు ఒక చేపల చెరువులో వాటా ఉండేది. మా అబ్బాయి ఇంజనీరింగు ఫీజు ఆ డబ్బే. 2006లో ప్రభుత్వం కొల్లేటి చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు మా గట్టూ పోయింది. పెట్టుబడి పోయిందని ఏడ్చాను. మా గట్టు రాకముందు ఆ నీళ్లలో ఎవరు వల వేసుకునేవారో మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఆ ప్రశ్న ఎదురొస్తుందని తెలిసే పుస్తకం మూశాను.

మర్నాడు మళ్లీ తెరిచి పూర్తిచేశాను. రచయిత నన్ను తిట్టి ఉంటే వాదించేవాణ్ణి. ఆయన ఊరికే కొల్లేరు చూపించాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మొన్న సంక్రాంతికి మా మనవణ్ణి ఆటపాక తీసుకెళ్లి గూడబాతులు చూపించాను. "తాతయ్యా, మన చెరువు ఎక్కడుండేది?" అన్నాడు. చెప్పాను. గట్టు సంగతి, ఫీజు సంగతి, అంతా చెప్పాను.

మీ ఇంట్లోనూ సగంలో మూసిన పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. ఇంటికెళ్లాక ఓసారి దుమ్ము దులపండి.

సెలవు.