ఒక రాత్రి బస



'అతిథి' యను పదమునకు మన శాస్త్రకారులు ఒక్క రాత్రి మాత్రము నిలుచువాడని అర్థము చెప్పిరి. వాని రాకకు తిథినియమము లేదు; నేడు వచ్చి రేపు పోవును. అట్టివానికి తలదాచుకొను చోటు చూపుట గృహస్థుని నిత్యవిధులలో నొకటి. గృహస్థుని యిల్లు చాలనిచోట సత్రములు వెలసినవి. 'సత్త్ర'మనునది మొదట అనేకదినములు సాగు యజ్ఞమునకు పేరు. బాటసారులకు అన్నమును బసయు నొసగు శాలకును ఆ పేరే వచ్చుట చూడగా, పెద్దలు ఆ కార్యమును యజ్ఞముతో సమానముగా నెంచిరని తోచుచున్నది. పిమ్మట పారసీభాషతో 'సరాయి', 'ముసాఫిరుఖానా' యను మాటలును, ఇంగ్లీషుతో 'హోటలు', 'లాడ్జి' యను మాటలును వచ్చినవి. పేరు మారినది గాని బాటసారి యవసరము మారలేదు.

పైకము పుచ్చుకొని బస యిచ్చుట కలికాలపు వింత యని కొందరు నిందింతురు. అది సరికాదు. క్రీడాభిరామము చదివినవారికి, ఓరుగంటిలో ఒక్క రూకకు కమ్మని భోజనము పెట్టు పూటకూటియిల్లు జ్ఞప్తికి వచ్చును. ధర్మసత్రమును, పూటకూటియిల్లును రెండును మనవే. పైకము పుచ్చుకొనుట దోషము కాదు. పుచ్చుకొన్న పైకమునకు తగిన శుభ్రతయు, నిద్రయు, మర్యాదయు ఇయ్యకుండుటయే దోషము.

మన కామారెడ్డి దారిమీది యూరు. హైదరాబాదునుండి ఉత్తరమునకు సుమారు 110 కిలోమీటర్ల దూరమున, నాగపురము పోవు 44వ జాతీయ రహదారిపై నున్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, హైదరాబాదు విడిచిన పిమ్మట నిర్మల మీదుగానే నాగపురము చేరిరి. ఆయన కాశీయాత్రచరిత్రము 1838లో అచ్చయినది. మజిలీ మజిలీకిని దిగుటకు చోటు కలదా, నీరు మంచిదా, అంగళ్లలో వస్తువులు దొరకునా యని వ్రాసిపెట్టుట ఆ గ్రంథమునందలి గొప్పతనము. పల్లకీలతో, పరివారముతో పోవు పెద్దమనిషికే రాత్రి బస అంతటి చింత యైనప్పుడు, చేతిసంచితో బస్సు దిగు పేదవాని మాట చెప్పవలెనా?

ఇరువదవ శతాబ్దపు ఆరంభమున గోదావరిలోయ రైలుమార్గము వచ్చెను. బెల్లపు వర్తకము పెరిగెను. 2016 అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి జిల్లాకేంద్రమయ్యెను. 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసెను. ఎల్లారెడ్డి ప్రాంతమునుండి రోగిని వెంటబెట్టుకొని వచ్చువారు, కచేరీలో కాగితముల పనికి వచ్చువారు, పరీక్ష వ్రాయవచ్చు పిల్లలు, చీకటిపడినచో ఆ రాత్రి ఎచ్చటనో పండుకొనవలసినవారే. బస్సు స్టాండులోని రాతిబల్లపై సంచి తలక్రింద పెట్టుకొని ముసలివాడు మేలుకొనియుండుట మీలో చూడనివారెవరు?

కావున బస వెదకు విధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. బస్సు స్టాండు నెదుట నున్న లాడ్జికంటె, రెండు వీథులు లోపల సంసారుల యిండ్ల నడుమ నున్న చిన్న బస తరచుగా చవుకయు, నిశ్శబ్దముగాను ఉండును. గది చూడబోవువాడు మంచముకంటె ముందు మరుగుదొడ్డిని చూడవలెను. అది శుభ్రముగా నున్నచో తక్కినవన్నియు చాలవరకు శుభ్రముగానే యుండును. నీరు రాత్రియంతయు వచ్చునా, తలుపు గడియ లోపలినుండి పడునా, మెట్లవద్ద దీపము కలదా యని చూడవలెను. అద్దె దినమునకు అన్నప్పుడు ఆ దినము ఇరువదినాలుగు గంటలా, లేక మరునాటి మధ్యాహ్నము వరకేనా యని ముందే యడుగవలెను. ఈ యొక్క ప్రశ్న యడుగక రెండు దినముల అద్దె ఇచ్చుకొన్నవారు పెక్కుమంది. గుర్తింపు కాగితము నకలు ఇచ్చునప్పుడు దానిపై తేదీయు, బసకొరకే యనియు వ్రాసి యిచ్చుట మేలు. పైకమునకు రసీదు పుచ్చుకొనుట మరువరాదు.

ఇక బసచేయువాని ధర్మమును కలదు. ఆ వీథి మనది కాదు. ప్రక్కయింట చంటిబిడ్డ యుండవచ్చును, ఎదురింట పరీక్షకు చదువుకొను పిల్ల యుండవచ్చును. తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి గొంతెత్తి పిలుచుట పల్లెవారమగు మనకు అలవాటు. పొలము దానిని సహించును గాని, పలుచని గోడకు అవతల నిద్రించువాడు సహింపజాలడు. చేతిలోని ఫోను పాటలు చెవికి మాత్రమే వినబడవలెను. గోడపై ఉమ్మరాదు. వీథివారికి తెలియకుండ వచ్చి, వీథివారు మెచ్చునట్లు పోయినవాడే మంచి అతిథి. అట్టివారు వచ్చుచున్నంతకాలమే సంసారుల వీథులు చవుకబసలను సహించును.

ఇంతకంటె పెద్దమాట యొకటి కలదు. మన పాత సత్రములలో పెక్కింటికి కులపు గడప యుండెను. అన్నము పెట్టిన చేయియే కొందరిని వాకిటనే నిలిపెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునేనవ అధికరణమున, కులమతములను బట్టి యెవరినిగాని హోటలులోనికి రాకుండ ఆపరాదని శాసించెను. 1955 నాటి అస్పృశ్యతానేరముల చట్టము ధర్మశాలను, సరాయిని, ముసాఫిరుఖానాను పేరుపెట్టి చెప్పెను. అయినను గది ఖాళీగా నున్నప్పుడు ఇంటిపేరు, ఊరివాడ పేరు అడిగి 'లేద'ని పంపు చోటు ఒక్కటి మిగిలినను, అది మనకు తలవంపే. మన యూరివాడు ఎవడైనను అట్లు త్రిప్పిపంపబడినచో, వాని పక్షమున నిలిచి యడుగవలసినవారు గ్రామపెద్దలైన మీరే.

హైదరాబాదులో 1918లో రాజా బహదూరు వేంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి వసతిగృహము వెలసెను. సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణమున పనిచేసిరి. పల్లెలనుండి వచ్చిన బాలురకు పట్టణమున తలదాచుకొను చోటు దొరకినందుననే వారి చదువులు సాగినవి. ఒక గదియు, ఒక దీపమును ఎన్ని కుటుంబముల గతిని మార్చగలవో దానివలన తెలియుచున్నది. నాడు ఒక్కొక్క కులమువారు తమ పిల్లలకై కట్టిరి. నేడు మనము అందరికొరకు కట్టవలెను.

గొప్ప భవనములు కట్టుమని నేను కోరుట లేదు. ఎల్లారెడ్డి వైపు నాలుగైదు గ్రామములవారు కలిసి, కామారెడ్డిలో ఆసుపత్రికి నడచిపోదగినంత దూరమున ఒక్క గదిని ఏడాదికి అద్దెకు తీసికొన్నచో, రోగి వెంట వచ్చిన తల్లికి రాత్రి నిద్ర దొరకును. అది సాధ్యము కానిచోట, నమ్మదగిన బసల పేర్లును, అద్దెలును వ్రాసిన యొక చిన్న పుస్తకమును పంచాయతీ కచేరీలో నుంచుడు. బసచేసి వచ్చినవారు మంచిచెడ్డలు అందులో వ్రాయుదురు గాక. వీరాస్వామయ్యగారు ఒంటరిగా చేసిన పనిని మన గ్రామము కలిసి చేసినట్లగును.