రాజుగారి రోడ్డు – బూట్లు కుట్టే తాతగారి దారి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను లండన్ యాత్రా విశేషాలు చెప్పమన్నారు. పది నిమిషాలు టైమిచ్చారు. ముప్పై అయిదేళ్ళు గుమాస్తాగా నోట్‌ఫైళ్ళు రాసినవాణ్ణి, విషయం క్లుప్తంగా చెప్పడం నాకు అలవాటే. కనుక లండన్ అంతా చెప్పను. ఒక్క రోడ్డు గురించి, దాన్ని అడ్డంగా దాటిపోయే ఒక కాలిబాట గురించి మాత్రం మనవి చేస్తాను.

మొన్న మే నెలలో నేనూ మా ఆవిడా మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. ఒక ఆదివారం మమ్మల్ని బుషీ పార్కుకి తీసుకువెళ్ళాడు. లండన్ నగరానికి నైరుతిగా, థేమ్స్ నదికి దగ్గరలో హాంప్టన్ కోర్టు అనే రాజభవనం ఉంది. దానికి ఉత్తరాన ఉన్నదే ఈ రాజోద్యానం. వెయ్యి ఎకరాల పైచిలుకు. ప్రవేశ రుసుము లేదు. జింకలు విడిగా తిరుగుతూ మేస్తుంటాయి. వాటికి యాభై మీటర్ల దూరంలో ఉండండని చెబుతారు.

ఉత్తరాన టెడ్డింగ్టన్ గేటులో అడుగు పెట్టగానే ఎదురుగా తిన్నటి రోడ్డు, మైలు పొడవున. దాని పేరు చెస్ట్‌నట్ అవెన్యూ. రోడ్డుకి రెండువైపులా హార్స్ చెస్ట్‌నట్ చెట్ల వరస, వాటి వెనక లైమ్ చెట్ల వరసలు. ఈ లైమ్ మన నిమ్మ కాదండోయ్, పేరొకటే. చెస్ట్‌నట్ ఆకు మన బూరుగాకులా ఒకే కాడకి అయిదో ఏడో రెక్కలుగా ఉంటుంది. మే నెలలో తెల్లటి పూలగుత్తులు కొమ్మల చివర నిలబెట్టిన దీపాల్లా ఉంటాయి. ఆ పూలు చూడడానికే మే 11కి దగ్గరగా వచ్చే ఆదివారం నాడు జనం తీర్థానికి వచ్చినట్టు వస్తారు. దాన్ని చెస్ట్‌నట్ సండే అంటారు. విక్టోరియా రాణి కాలంనాటి ఆచారం.

'అశోకుడు చెట్లు నాటించెను' అని మనమంతా చిన్నప్పుడు బల్లలమీద కూర్చుని వల్లించినవాళ్ళమే. ఇక్కడ నాటించినవాడు మూడవ విలియం రాజు. 1699 నాటి మాట. పథకం గీసినవాడు సర్ క్రిస్టఫర్ రెన్, లండన్‌లో సెయింట్ పాల్ చర్చి కట్టిన మహాశిల్పి. రాజభవనానికి ఉత్తరంవైపు గొప్ప ముఖద్వారం కట్టాలి, దానికి దారి ఈ రోడ్డు కావాలి, అదీ ఆలోచన. కానీ 1702లో రాజు పోయాడు. ముఖద్వారం కట్టనే లేదు. చెట్లు మిగిలాయి. దక్షిణపు కొసన గుండ్రటి కొలను మధ్య డయానా ఫౌంటెన్ అని పిలిచే కంచు బొమ్మ ఉంది. 1713లో ఆన్ రాణి కాలంలో రాజభవనం తోటలోంచి తెచ్చి అక్కడ నిలబెట్టారట. రాజుగారి కోసం వేసిన రోడ్డు మీద ఇప్పుడు సైకిళ్ళ మీద పిల్లలు, కర్ర పట్టుకుని నాబోటివాళ్ళు వెళుతున్నారు.

ముసలిచెట్టు పోయినచోట చిన్నమొక్క నాటి కంచె కట్టడం చూశాను. అది చూస్తే నా మొదటి సీటు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోడ్డు పక్క చింతచెట్ల ఫలసాయం వేలంపాట ఫైళ్ళు నా దగ్గరుండేవి. చెట్టుకో నంబరు, నంబరుకో పద్దు. తరవాత రోడ్లు వెడల్పు చేసినప్పుడు ఆ నంబర్ల ఎదుట 'తొలగించడమైనది' అని రాసిందీ ఈ చెయ్యే. తిరిగి నాటినట్టు రాసే అవకాశం నాకు రాలేదు.

సరే, ఫౌంటెన్ దగ్గర కాసేపు కూర్చుని వెనక్కి వస్తున్నాం. మన రోడ్డుని అడ్డంగా దాటుతూ ఒక కాలిబాట కనిపించింది. దాని పేరు కాబ్లర్స్ వాక్ అని మా మనవరాలు చెప్పింది. "అంటే బూట్లు కుట్టే ఆయన దారి, తాతయ్యా" అంది. రాజుగారి తోటలో బూట్లు కుట్టే ఆయన పేరేమిటని ఆశ్చర్యపోయాను. మోకాళ్ళ నొప్పి ఉన్నా ఆ దారివెంట తూర్పుగా హాంప్టన్ విక్ గేటుదాకా నడిచాం. ఆ గేటుకి చేరువలోనే ఆయన పేర ఒక స్మారక శిల ఉంది.

ఆయన తిమోతీ బెన్నెట్. ఆ ఊళ్ళో బూట్లు కుట్టుకు బతికినవాడు. ఆ తోటలోంచి జనం నడిచే దారిని పెద్దలు గోడకట్టి మూసేశారు. తోటకి అధికారి హాలిఫాక్స్ ప్రభువు. ఏళ్ళతరబడి జనం చుట్టుతిరిగి పోతూ ఊరుకున్నారు. 1752లో ఈ ముసలాయన లాయరుని కలిసి, దారి తెరవకపోతే దావా వేస్తానని ప్రభువుకే నోటీసిచ్చాడు. ప్రభువు మొదట కొట్టిపారేశాడట. ఈయన వెనక్కి తగ్గలేదు. చివరికి దారి తెరిచారు. అది ఇవాళ్టికీ తెరిచే ఉంది, నేను నడిచి వచ్చాను. లోకాన్ని తాను చూసినదానికంటే అధ్వాన్నంగా వదిలిపోవడం ఇష్టంలేక ఈ పని చేశాడని ఆయన గురించి చెబుతారు.

అప్పటికి ఆయన వయస్సు డెబ్బై అయిదు. మా మనవరాలు ఆ అంకె చదివి, "నీకంటే ఒక ఏడు చిన్న, తాతయ్యా" అంది. పిల్ల మామూలుగా అంది గానీ నాకు ఎక్కడో తగిలింది. ఎందుకో చెబుతాను.

నేను బయలుదేరే ముందు, మా సెక్షన్‌లో అటెండరుగా చేసి కాలం చేసిన మిత్రుడి భార్య మా ఇంటికి వచ్చింది. కుటుంబ పెన్షన్ ఆగిపోయి ఉంది. సర్వీసు రిజిస్టరులో ఆమె అసలు పేరు, ఆధార్ కార్డులో పిలుపు పేరు. అంతకు ముందు మూడు అర్జీలు నేనే రాసిపెట్టాను, జవాబు లేదు. ఆమె ప్లాస్టిక్ సంచీలోంచి కాగితాలు తియ్యబోతుంటే, "అమ్మా, నాకు డెబ్బై ఆరేళ్ళు. ఇంక తిరగలేను, ఇంకెవరినైనా చూసుకో" అన్నాను. "సరేలెండి అన్నయ్యగారూ" అని సంచీ మూసుకుని వెళ్ళిపోయింది. కాఫీ కూడా తాగలేదు.

ఆ శిల ముందు నిలబడితే ఆ సంచీయే కనిపించింది.

తిరిగి వచ్చిన వారానికి నేనే ఆమె ఇంటికి వెళ్ళాను. రెండు పేర్లూ ఒకరివేనని ధ్రువపత్రం సంపాదించాం. నకళ్ళు జతచేసి నాలుగో అర్జీ పెట్టి, తేదీతో రశీదు తీసుకున్నాను. కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. నవంబరులో ఫైలు పై ఆఫీసుకి వెళ్ళినట్టు కాగితం వచ్చింది. ఉత్తర్వు ఇంకా రాలేదు. వచ్చేదాకా వదలను.

మిత్రులారా, ఈ డిసెంబరు 17ని మనం ఎందుకు జరుపుకుంటున్నాం? 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షన్ ఎవరి దయాభిక్షా కాదని తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినవారూ రిటైరైన ఉద్యోగే. దారులు వాటంతట అవి తెరుచుకోవు. తెరిచినవి కూడా నడిచేవాళ్ళు లేకపోతే మూసుకుపోతాయి.

కనుక ఒక ప్రతిపాదన. ప్రతి సోమవారం పదింటికి మన సంఘ కార్యాలయంలో నేను ఒక బల్ల, రెండు పెన్నులు, కార్బన్ కాగితాలు పెట్టుకుని కూర్చుంటాను. అర్జీ రాయించుకోవలసినవాళ్ళు రావచ్చు. రాయగలిగినవాళ్ళు ఇంకొకరు తోడు వస్తే చాలు. మనకి మోకాళ్ళు పోయాయి గానీ దస్తూరీ పోలేదు.