అడవి దారిలో మన పిల్లల సంచి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నన్ను మాట్లాడమన్న విషయం ఇది: అడవిలో ఆపద వస్తే దగ్గర ఏ వస్తువులు ఉండాలి, ఏ పనులు తెలిసి ఉండాలి. ఫోన్లో ఈ మాట వినగానే నవ్వొచ్చింది. చేపపిల్లకు ఈత నేర్పమంటున్నారా అన్నాను. అయినా ఒప్పుకున్నాను. ఎందుకో చెప్తాను.

ముందు ఒక చిన్న పని. వాన పడుతుండగా తడి కట్టెలతో మంట రాజేయగలిగిన వాళ్లు చేతులెత్తండి. చూశారా, వెనక కూర్చున్న అమ్మలు, తాతలు దాదాపు అందరూ ఎత్తారు. ముందు ఇంతమంది పిల్లలుంటే నాలుగు చేతులు లేచాయి. వేదిక మీద ఉన్నవాళ్లం కూడా చేతులు దాచుకున్నాం, మీరు గమనించారో లేదో. నేనూ ఆశ్రమ పాఠశాలలో పెరిగినదాన్నే. ఒకటో తరగతిలో ఇల్లు వదిలి, బీఈడీ అయ్యాక మళ్లీ కొండెక్కాను. అడ్డాకు గుర్తుపడతాను, విస్తరి కుడతాను. ఏ దుంప కాల్చుకుని తినొచ్చో, ఏ దుంపను ముక్కలు కోసి పారే నీళ్లలో రాత్రంతా ఉంచితే తప్ప తినకూడదో అడిగితే చెప్పలేను. మా అమ్మకు తెలుసు. ఆమె చెప్పాల్సిన వయసులో నేను ఇంట్లో లేను.

ఇప్పుడు మా హాస్టల్లో జరిగిన సంగతి. పిల్లల పేర్లు, ఊరు చెప్పను.

ఏటా బడి తెరిచిన వారంలో మేం ట్రంకు పెట్టెలు చూస్తాం. కత్తులు, అగ్గిపెట్టెలు, బ్లేడ్లు ఉంటే తీసి ఆఫీసు బీరువాలో పెడతాం. వందమందికి పైగా ఆడపిల్లలు ఒకే హాల్లో పడుకునే చోట ఆ నియమం ఉండాల్సిందే, దాన్ని నేను ఇప్పటికీ తప్పనను. అలా ఒక ఏడో తరగతి పాప పెట్టెలో చిన్న కత్తి దొరికింది. పిడికి సన్నటి తాడు చుట్టి ఉంది. "మా మామ్మ ఇచ్చింది మేడం" అంది. చీటీ మీద పేరు రాసి కత్తికి అంటించి లోపల పెట్టాను. సెలవులకు వెళ్లేటప్పుడు ఇవ్వాలి కదా అన్న ఆలోచన నాకు రాలేదు.

దసరా సెలవులకు అన్న వచ్చాడు. ఇంటర్ చదువుతున్నవాడు, తండ్రి సంతకం చేసిన కాగితం తెచ్చాడు. ఈ పాపనీ, మూడో తరగతి చదివే చెల్లెల్నీ తీసుకుని బయల్దేరాడు. జీపు దిగాక కొండ దారి రెండున్నర గంటల నడక. దారిలో వాన పట్టుకుంది. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎర్రనీళ్లు ఒడ్డు కోసుకుంటూ పోతున్నాయి. వెనక్కి తిరిగితే ఇంకో గెడ్డ. అలా రెంటి మధ్య చిక్కుకుని, ఒక బండ పక్కన ముగ్గురూ రాత్రంతా కూర్చున్నారు. ఆ అబ్బాయి దగ్గర ఫోను ఉంది, సిగ్నల్ లేదు. టార్చి అదే, సినిమా అదే, రాత్రి పది దాటకముందే చార్జింగు అయిపోయింది. సంచుల్లో యూనిఫాంలు, నోటు పుస్తకాలు, రెండు బిస్కెట్ ప్యాకెట్లు.

పెద్ద పాప చేతులతోనే అడ్డాకులు లాగి చెల్లెలి మీద కప్పింది. కొమ్మ నరకడానికి ఏమీ లేదు. తెల్లారుజామున చిన్నదానికి వణుకు ఆగిపోయి మగతగా పడింది. చలి తగ్గిందనుకున్నారు వీళ్లు. పిల్లలూ, ఇది బాగా వినండి. తడిసిన మనిషికి వణుకు ఆగి, మాట ముద్దగా వచ్చి, నిద్ర ముంచుకొస్తే అది చలి తగ్గడం కాదు, ఒంట్లో వేడి అయిపోవడం. ప్రాణం మీదికి వచ్చిందని అర్థం.

వాళ్ల మామ్మ, ఊరివాళ్లు తెల్లారక ముందే గెడ్డ అవతలి ఒడ్డున నిలబడి కువి భాషలో పేర్లు పెట్టి పిలిచారట. నీళ్లు తగ్గగానే దాటొచ్చి తడి బట్టలు విప్పి, మామ్మ తన ఒంటికి హత్తుకుని పొడి దుప్పటి చుట్టిందట. చిన్నపాప రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి కోలుకుంది. ఇదుగో, ఇక్కడే కూర్చుంది, నా వైపు చూడకుండా నవ్వుతోంది.

సెలవులయ్యాక పిల్లలతో పాటు మామ్మ హాస్టల్‌కి వచ్చింది. "కత్తేటైపోనాదమ్మా?" అని అడిగింది. బీరువా తీశాను. చీటీలు అంటించిన కత్తులు పదకొండు ఉన్నాయి. ఆమె వాటిని చూసి కోప్పడలేదు. "తీసుకున్నావు, సరే. దాని బదులు పిల్లకేటి ఇచ్చావు?" అంది.

నేను బదులు చెప్పలేకపోయాను. ఈ సభకు ఒప్పుకున్నది ఆ ప్రశ్న కోసమే.

2023లో కొలంబియా దేశంలో జరిగిన సంగతి మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. మే 1న ఒక చిన్న విమానం అమెజాన్ అడవిలో కూలిపోయింది. తల్లి, మరో ఇద్దరు పెద్దలు పోయారు. హుయిటోటో అనే ఆదివాసీ తెగకు చెందిన నలుగురు తోబుట్టువులు మిగిలారు. పెద్దమ్మాయికి 13 ఏళ్లు, చివరిబిడ్డకు 11 నెలలు. జూన్ 9న, 40 రోజుల తర్వాత, నలుగురూ ప్రాణాలతో దొరికారు. విమానంలోంచి వాళ్లు తీసుకున్నవి కర్రపెండలం పిండి, కొన్ని బట్టలు, ఒక టార్చి, రెండు ఫోన్లు ఇలాంటివే. ఫోన్లు వాళ్లకీ మనలాగే కొద్దిసేపు కాలక్షేపానికి పనికొచ్చి ఆరిపోయాయి. పిండి అయిపోయాక గింజలు, పండ్లు తిన్నారు. ఏ గింజ తినొచ్చో ఆ పిల్లకు తెలుసు, ఇంట్లో నేర్పారు. సైన్యం హెలికాప్టర్ల నుంచి మైకులో వినిపించింది కూడా వాళ్ల అమ్మమ్మ గొంతే, వాళ్ల భాషలోనే. కదలకుండా ఉన్నచోటే ఉండండి అని. సైనికులతో పాటు ఆదివాసీలు కలిసి వెతికితేనే దొరికారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ పిల్లల ధైర్యం కన్నా, ఆ 13 ఏళ్ల పిల్ల అంతకుముందు ఎన్నేళ్లు అమ్మమ్మ వెనక తిరిగి ఉంటుందో అన్నదే ఎక్కువ తోచింది.

ఇప్పుడు సంచి విషయం. ఆన్‌లైన్లో ఈ పేరుతో పెద్ద పెద్ద కిట్లు అమ్ముతున్నారు. దిక్సూచి, చేపల గాలం, చేతికి కట్టుకునే తాడు, ఇరవై పనులు చేసే కత్తి. మా అబ్బాయి ఒకటి చూపించాడు. మన పిల్లలకు అవి అక్కర్లేదు. సంతలో దొరికేవి చాలు, కానీ ఏది ముందో తెలియాలి. ఇంట్లో సంచి సర్దేటప్పుడు మొదట తిండి పెడతాం, వానకు అడ్డం పెట్టుకునేది మర్చిపోతాం. మన కొండల్లో ఒక రాత్రికి ఆకలితో ఎవరూ పోరు. చలి, గెడ్డ, పాము, ఈ మూడే ప్రాణం తీస్తాయి.

కాబట్టి మొదట పాలిథిన్ షీటు. ఇద్దరు కింద దూరేంత ఉంటే చాలు, మడిస్తే పుస్తకమంత అవుతుంది. మన పెద్దవాళ్లు ఆకులతో గిడుగు కుట్టుకుని వానలో దుక్కి దున్నేవాళ్లు, షీటు కూడా అదే పని చేస్తుంది. తర్వాత ఒక జత పొడి బట్టలు, కవర్లో పెట్టి మూతి గట్టిగా కట్టి. తడిసిన నూలు బట్ట ఒంట్లో వేడిని లాగేస్తుంది, ఎంత దుప్పటి కప్పినా లాభం ఉండదు. చలికి సారా పోస్తే ఒళ్లు వేడెక్కుతుందని కొందరు అంటారు. అది పొరపాటు, వేడెక్కినట్టు అనిపిస్తుందే కానీ ఒంట్లో ఉన్న వేడి ఇంకా తొందరగా పోతుంది. మనిషి తెలివిగా ఉంటే బెల్లం కలిపిన వేడినీళ్లు పట్టండి.

అగ్గిపెట్టె మూత గట్టిగా పట్టే మందు సీసాలో వేయండి. పుల్లల తలలు కరిగిన కొవ్వొత్తి మైనంలో ఒకసారి ముంచి ఆరబెడితే తడి తగలదు, గీసేటప్పుడు గోటితో మైనం గీకేస్తే చాలు. ఒక కొవ్వొత్తి ముక్క, ఒక పాత సైకిల్ ట్యూబు ముక్క. ట్యూబు రబ్బరు తడిలోనూ అంటుకుంటుంది, చీల్చుకుంటే కట్టడానికీ పనికొస్తుంది. ఇది నాకు మా హాస్టల్ వాచ్‌మన్ చెప్పాడు.

టార్చి విడిగా ఉండాలి, ఫోనును టార్చి చేయకండి. ఫోను అవసరం వేరే ఉంది. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా, ఆ చోట ఇంకే కంపెనీ సిగ్నల్ ఉన్నా 112కు కలిసే అవకాశం ఉంటుంది. దాన్ని ఆపేసి ఉంచి, గట్టు ఎక్కినప్పుడు తెరిచి చూడాలి. ఒక ఈల. అరిస్తే అరగంటలో గొంతు పోతుంది, ఈల పోదు. మూడుసార్లు ఊది ఆగి, మళ్లీ మూడుసార్లు. ఐదారు బారల తాడు, నీళ్ల సీసా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, ఒక గుడ్డ. తిండి ఆఖర్న, వేరుశనగ గుళ్లు, బెల్లం. బిస్కెట్లు తడిస్తే పిండైపోతాయి.

కత్తి సంగతికి తర్వాత వస్తాను.

వస్తువులు ఇంతే. పనులు నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది. మామ్మ మా పిల్లలకు మంట నేర్పిన రోజు నేనూ పక్కన కూర్చున్నాను. నేల మీద పడిన కట్టె ముట్టుకోవద్దు అంది. చెట్టు మీదే ఎండి నిలబడిన సన్న పుల్లలు విరవమంది, విరిస్తే టక్‌మని చప్పుడు రావాలి. లావు కట్టె పైన తడిసినా లోపల పొడిగా ఉంటుంది, చీల్చాలి, అందుకే కత్తి. గుగ్గిలం దొరికే చోట బెత్తెడు ముద్ద దగ్గర పెట్టుకోమంది. మంట నేల మీద కాదు, నాలుగు కట్టెలు పరిచి వాటి మీద పెట్టాలి. పిల్లలు మొదటి రోజు అగ్గిపెట్టె మొత్తం గీశారు, పొగ తప్ప ఏమీ రాలేదు. నాలుగో ఆదివారానికి ఐదు పుల్లల్లో మంట తెచ్చారు. నాకు తొమ్మిది పట్టాయి.

గెడ్డ దగ్గర ఆమె చెప్పింది ఒకటే పని. నీళ్ల అంచున ఒక పుల్ల గుచ్చి కూర్చో. పుల్ల మునిగితే నీళ్లు పెరుగుతున్నాయి, ఇంకా పైకి జరుగు. పుల్ల బయటికొస్తే తగ్గుతున్నాయి, ఓపిక పట్టు. కొండ గెడ్డ ఎంత తొందరగా పొంగుతుందో వాన ఆగితే అంత తొందరగా తీస్తుంది. మోకాలు దాటి జోరుగా పారుతున్న ఎర్రనీళ్లలో, అవతల ఇల్లు కనిపిస్తున్నా సరే, దిగొద్దు. మన ఏజెన్సీలో గెడ్డలకు పోయినవాళ్లలో చాలామంది దారి తెలిసినవాళ్లే.

పాము విషయంలో మాత్రం నేను మామ్మతో వాదించాను. ఆమె వేరు పసరు అంది. నేను కుదరదన్నాను. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, వీటి విషానికి ఆస్పత్రిలో ఇచ్చే ఇంజక్షనే మందు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించొద్దు. కాలు కదలకుండా రెండు పుల్లల మధ్య వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా డోలీలో మోసుకుపోవాలి. కట్లపాము రాత్రిళ్లు నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి కూడా సరిగా తెలియదు. పొద్దున కడుపు నొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే అనుమానించండి. ఆమె కాసేపు ఊరుకుని, మా ఊళ్లో ఇద్దరు అలాగే పోయారు అంది. నేను ఆమె దగ్గర పది నేర్చుకుంటే ఆమె నా దగ్గర ఇదొక్కటి నేర్చుకుంది.

తినే వాటి గురించి పిల్లలకు ఒక్క మాట. కోతి తింటే మనమూ తినొచ్చు అని ఎవరో చెప్పారట మా పిల్లలకు. నమ్మకండి. మీ అమ్మ చేత్తో పెట్టగా తినని దుంప, పుట్టగొడుగు అడవిలో ముట్టుకోవద్దు.

ఇక కత్తి. ఇప్పుడు మా హాస్టల్లో కత్తులకు ఒక రిజిస్టరు ఉంది. బడి తెరిచినప్పుడు జమ, సెలవులకు గేటు దగ్గర అప్పగింత. ఐదో తరగతి దాటిన పిల్లలకు మాత్రమే, అదీ తీసుకెళ్లే పెద్దవాళ్లు సంతకం పెట్టాకే. గేటు దగ్గరే షీటు, టార్చి, ఈల ఉన్నాయో లేదో చూస్తాం. లేనివాళ్లకు మేమే కొన్ని కొని ఉంచాం, తిరిగి రాగానే ఇచ్చేయాలి. ఇప్పటిదాకా రెండు ఈలలు తప్ప అన్నీ తిరిగొచ్చాయి. ఆ రెండూ తమ్ముళ్లు లాక్కున్నారట.

ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు హాస్టల్ వెనక మామిడి చెట్ల కింద తరగతి జరుగుతుంది. వచ్చే ఆదివారం దుంపలు. మామ్మకు మోకాళ్ల నొప్పులు, ప్రతివారం రాలేకపోతోంది. ఇందాక చేతులెత్తిన అమ్మల్లో ఇద్దరు ముగ్గురు వస్తే చాలు. దుంపలు తవ్వే గునపం మీరే తెచ్చుకోండి, మా దగ్గర ఉన్నదాని మొన విరిగిపోయింది. టీ, ఉప్మా మేం పెడతాం. నేను కూడా పిల్లల వరసలోనే కూర్చుంటాను.