నారా నగర యాత్ర
(ఛత్రినాకలో చేసిన యుపన్యాసము)



జపానునందలి ప్రాచీన రాజధాని యగు నారా నగరమునకు యాత్ర సంకల్పించిన మిత్రులు మనలో గలరు. సంతోషము! వారికి మేము రెండు మాటలు మనవి చేయుచున్నాము.

మొదటిది కాలనిర్ణయము. దక్షిణ భారతమునుండి వెళ్లిన బోధిసేనుడను భిక్షువు 752వ సంవత్సరమున నచ్చటి తోదాయిజీ ఆలయమందలి మహాబుద్ధ విగ్రహమునకు నేత్రోన్మీలనము గావించెను. ఆతని కుంచెకు గట్టిన నీలి దారమును సభాజనులు చేతబట్టి పుణ్యమున పాలుగొనిరి. ఆ కుంచెయు, ఆ దారమును షోసోయిన్ భాండాగార నిధులలో నేటికిని భద్రముగ నున్నవి. ఆ నిధులలో గొన్నింటిని ఏటేట అక్టోబరు చివర మొదలుకొని కొలది దినములు మాత్రమే నారా జాతీయ ప్రదర్శనశాలలో జూపుదురు. ప్రయాణ మా దినములకే కుదుర్చుకొనుడు.

రెండవది సన్నాహము. ముందు అమరావతిని చూచి కదలుడు. ఆ మహాస్తూపపు శిల్పశిలలను సున్నమునకై కాల్చుకొన్నవారు పరులు గారు, మనవారే. మిగిలినవానిలో ననేకములు నేడు చెన్నపట్టణమునను, లండను నగరమునను ఉన్నవి. ఒక దారమును పన్నెండువందల యేండ్లకు పైగా కాపాడినవారి యూరికి, స్తూపమునే కాపాడుకొనలేని మనము పోవుచున్నాము. చూచుటకే గాక నేర్చుకొనుటకు పోవుదము. మరలివచ్చి, చార్మినారు చుట్టునున్న పాత కట్టడములలో నొక్కదానినైనను నిలుపుటకు పూనుకొంటిమేని, యాత్రకైన వ్యయము సార్థకమగును.