వైమానిక దళమున అధికారి పదవికి మార్గములు


ఉద్దానపు చిన్నవారు సిపాయి కొలువునకై పలాస స్టేషనులో రైలెక్కుట మన మెరుగనిది కాదు. పట్టభద్రులకు విమానము నడపు అధికారి పదవియు కలదని యెరిగిన తలిదండ్రులు మాత్రము మనలో కొలదిమంది.

కళాశాల విద్యార్థులకు ముఖ్యముగా మూడు దారులున్నవి. యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషను ఏటేట రెండుమారులు జరుపు సీ.డీ.ఎస్. పరీక్షవలన శాశ్వతోద్యోగము లభించును. వైమానిక దళమే జరుపు ఏఫ్‌కాట్ పరీక్షలో స్త్రీలకును ప్రవేశము కలదు. కాని కొలువు 14 సంవత్సరములే, పింఛను లేదు. ఎన్.సి.సి. వైమానిక శాఖలో ‘సీ’ సర్టిఫికెట్టు పొందినవారు వ్రాతపరీక్ష లేకయే ఎంపిక మండలి యెదుటికి పోవచ్చును. ఏ దారిని పోయినను శిక్షణ దుండిగల్ అకాడమీలోనే ఆరంభమగును.

పింఛను లేదని ఏఫ్‌కాట్‌ను త్రోసిపుచ్చు పెద్దలతో మేము ఏకీభవింపజాలము. 2016లో దేశమునకు లభించిన మొదటి ముగ్గురు స్త్రీ యుద్ధవిమాన చోదకులు దుండిగల్‌నుండియే వచ్చిరి. మన ఆడపిల్లల కా తలుపు మూయుట యేల?

అయితే ఒక్క హెచ్చరిక. ఎంపిక మండలి పెట్టు చోదక సామర్థ్య పరీక్ష జన్మమున కొక్కమారే. అందు తప్పినవారికి మరియొక దారిని వచ్చినను విమానచోదక పదవి దొరకదు. కావున ‘ఊరక చూచివత్తము’ అని పోవలదు. వర్ణాంధత యున్నవారిని తీసికొనరు గనుక ముందుగా నేత్రపరీక్ష చేయించుకొనవలెను. వయస్సు 20 మొదలు 24 వరకే. అన్నిటికంటె ముందు, ఇంటరులో గణితము, భౌతికశాస్త్రము ఉండవలెను. టెక్కలిలో బిడ్డను కళాశాలలో చేర్చు దినముననే ఈ సంగతి తేలిపోవును.

సంఘ పోషకులు ఈ యేటి విద్యార్థి నిధిలో కొంత ఈ పరీక్షల పుస్తకములకై ప్రత్యేకింప ప్రార్థించుచున్నాము.