చలికాలంలో చేప అడుగునే ఉంటది: నింఫ్ ఫిషింగ్ కథ

అమెరికాలో ఉన్న మన నిజామాబాద్, బోధన్ పిల్లలు ఫిబ్రవరి చలిలో ట్రౌట్ చేపలు పట్టిన వీడియోలు పంపిస్తున్నరు. "అన్నా, ఈ నింఫ్ ఫిషింగ్ ఏంది? మన మంజీరలో నడుస్తదా?" అని అడుగుతున్నరు. ఈ ఎపిసోడ్ దాని మీదనే.

మొదటి మాట. మంజీరలో ట్రౌట్ ఉండదు. దానికి చల్లటి నీళ్లు కావాలి. నీళ్లు 20 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలైతది, మన ఎండాకాలం అసలే తట్టుకోదు. ఇండియాలో అది కాశ్మీర్, హిమాచల్, నీలగిరులు, మున్నార్ లాంటి చోట్లనే కనిపిస్తది. అది కూడా బ్రిటిష్ వాళ్ల కాలంలో బయటి నుంచి తెచ్చి వదిలిన చేపే.

ఇక నింఫ్ అంటే ఏంది? చెరువుగట్టు మీద తూనీగలు చూసే ఉంటరు. తూనీగ గుడ్డులోంచి బయటికొచ్చాక, రెక్కలు వచ్చేదాకా నీళ్లలోనే బతుకుతది. ఆ దశ పేరే నింఫ్. ట్రౌట్ ఉండే వాగుల్లో మేఫ్లై లాంటి పురుగుల నింఫ్‌లు అడుగున రాళ్ల సందుల్లో ఉంటయి. చలికాలంలో పైన ఎగిరే పురుగులు తక్కువ, కాబట్టి ట్రౌట్ కింద దొరికేదే తింటది.

ఇంగ్లండ్‌లో స్క్యూస్ అనే లాయరు ఈ పద్ధతి గురించి 1910లోనే పుస్తకం రాసిండు. అక్కడి పెద్దమనుషులు చాలామంది ఒప్పుకోలేదు. నీటి మీద తేలే ఈగతో పడితేనే మర్యాద అన్నరు. 1938 ఫిబ్రవరిలో లండన్‌లోని ఒక క్లబ్బులో దీని మీద పెద్ద చర్చే జరిగింది.

పద్ధతి ఇట్లా ఉంటది. గాలానికి దారం, ఈక చుట్టి పురుగులా చేస్తరు. మునగడానికి చిన్న లోహపు పూస పెడతరు. ప్రవాహానికి ఎదురుగా విసిరి, నీటి వేగంతోనే అడుగు పక్క నుంచి కొట్టుకురానిస్తరు. దాన్ని లాగొద్దు. చలికి చేప ఒళ్లు మందగిస్తది, ఎర వెనక ఉరకదు, నోటి ముందుకొస్తేనే తీసుకుంటది. గుంజినట్టు కూడా తెలవదు. దారం ఒక్క క్షణం ఆగితే అదే చేప. మధ్యాహ్నం నీళ్లు కొంచెం వేడెక్కినంక అవకాశం ఎక్కువ.

మరి మనకు పనికొచ్చేది ఏంది? ఆ చేప లేకున్నా ఆ లెక్క పనికొస్తది. బొచ్చె పైన మేస్తది, రోహు నడుమ, మృగాల అడుగున. చలిలో బెండు కిందికి దారం పొడవు పెంచి, ఎర్రను నేలకు దగ్గరగా, నెమ్మదిగా ఉండే లోతు మడుగులో పెట్టి చూడండి. కొర్రమీను మాత్రం వేరే. అది గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. ఈ వేటంతా నది అడుగు మీద ఆధారపడి ఉంది. ట్రౌట్ గులకరాళ్లలో గుడ్లు పెడతది. చలికాలం చివర్లో ఆ గుడ్లు, పిల్లలు ఆ రాళ్ల కిందనే ఉంటయి. మనిషి బూటు పడితే నలిగిపోతయి. కాశ్మీర్‌లో చలికాలం ట్రౌట్ వేట బంద్ పెట్టేది అందుకే. మీరున్న రాష్ట్రంలో కూడా లైసెన్సు, సీజన్ చూసుకొనే దిగండి. శుభ్రంగా తుడిచినట్టున్న గులకరాళ్ల మీద కాలు పెట్టకండి.

మంజీరదీ ఇదే కథ. ఇసుకను లోతుగా తోడేస్తే పోయేది ఇసుక ఒక్కటే కాదు. పురుగు ఉండే చోటు పోతది, దాన్ని తినే చేప పోతది, దాని మీద బతికే బెస్తోళ్ల కూడు పోతది. తూనీగ పిల్లలు దోమ పిల్లలను తింటయి, కాబట్టి ఆ నష్టం ఊరికి కూడా తగులుతది. వాగుకు పోయినప్పుడు నీళ్లలో ఒక రాయి మెల్లగా తిప్పి చూడండి. కింద పురుగులు కదిలితే ఆ నది ఇంకా బతికే ఉన్నట్టు. చూసినంక రాయిని ఎట్లుండెనో అట్లనే పెట్టండి.

మీ దగ్గర ఏం కనిపించిందో రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.