వరములో ఒక అక్షరము మారితే
(రేడియో ప్రసంగ పాఠము)



కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయములో పౌలు భక్తుడు దేహమును చూపించి సంఘమునకు పాఠము చెప్పాడు. నేడు ఆ దేహములోనికి మరికొంచెం లోతుగా చూద్దాం.

మనం తిన్న పప్పులోని ప్రోటీన్ కడుపులో విడిపోయి అమైనో ఆమ్లములనే చిన్న తునకలవుతుంది. అవి రక్తము ద్వారా ప్రతి కణానికీ చేరతాయి. అక్కడ రైబోజోమ్ అనే సూక్ష్మమైన కార్ఖానా, డి.ఎన్.ఎ. నుండి వచ్చిన ఆజ్ఞ ప్రకారం, వాటిని దండలా గుచ్చుతుంది. రెండు కలిసిన ప్రతిసారీ ఒక నీటి అణువు బయటికి పోతుంది. ఆ దండ ముడుచుకొని ఒక రూపం దాల్చితే అదే మన ప్రోటీన్. పూసలు 20 రకాలే. వాటితోనే కండ, వెంట్రుక, రక్తము.

అయితే వరుస తప్పకూడదు. "వరము"లో ఒక్క అక్షరము మారితే "జ్వరము" అవుతుంది గదా!

రక్తములోని హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులున్నాయి. వాటిలో బీటా గొలుసుకు 146 పూసలు. ఆరవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లము ఉండాలి. అక్కడ వాలిన్ వస్తే, గుండ్రని ఎర్రకణము కొడవలిలా వంగిపోయి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడుతుంది. భరించలేని నొప్పి, రక్తహీనత! ఇదే సికిల్ సెల్ వ్యాధి. ఈ ఒక్క మార్పును 1957లో ఇంగ్రామ్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చిచెప్పాడు.

ప్రియులారా, ఇది దూరదేశపు సంగతి కాదు. మన కాకినాడకు ఎగువన, రంపచోడవరం మన్యములోని గిరిజన కుటుంబాలలో ఈ వ్యాధిగల బిడ్డలున్నారు. ఇది ఎవరి పాపఫలమని అడుగుతారా? పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులూ అదే అడిగారు. ప్రభువు ఆ నిందను వానిమీద గాని, తలిదండ్రులమీద గాని మోపనీయలేదు.

తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు మారిన జన్యువులు వస్తేనే ఈ జబ్బు. ఒకటే ఉన్నవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి ఇద్దరు పెండ్లాడితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కాబట్టి మన్యములోని తలిదండ్రులారా, పెండ్లికి ముందే పిల్లలకు రక్తపరీక్ష చేయించండి. సిగ్గుపడవలసిన పని లేదు. దీని నిర్మూలన కోసం 2023లో కేంద్ర ప్రభుత్వమే జాతీయ కార్యక్రమం ప్రారంభించింది.

పట్టణ సంఘముల యౌవనస్థులారా, ఆ బిడ్డలకు రక్తము ఎక్కించవలసి వచ్చినప్పుడు ఇచ్చే చేయి మీదై ఉండాలి. ఒక్క పూస తప్పితే దేహమంతా అల్లాడుతుంది. ఒక్క బిడ్డ మూలుగుతుంటే సంఘము నిద్రపోవచ్చునా?

ప్రభువు మనకు అట్టి హృదయము దయచేయును గాక. ఆమేన్.